ఆకు చూసి జవాబు చెప్పేవారేరీ?
మిరప రైతు ప్రశ్నలకు మందుల దుకాణమే దిక్కు

నరసరావుపేట: పొద్దు వాలేసరికి పల్నాడు, గుంటూరు జిల్లాల మండల కేంద్రాల్లో ఎరువులు, పురుగుమందుల దుకాణాల ముందు ఏటా ఒకే దృశ్యం కనిపిస్తుంది. మిరప నాటిన నెలా నెలన్నరకే ఇది మొదలవుతుంది. తోట నుంచి నేరుగా వచ్చిన రైతు ప్లాస్టిక్ సంచిలోంచి నాలుగు మిరప కొమ్మలు తీసి బల్లమీద పెడతాడు. "ముడత వచ్చింది బాబాయ్, ఏం కొట్టమంటావు?" అంటాడు. దుకాణదారు ఆ ఆకు వంక ఒకసారి, వెనకనున్న అలమరా వంక ఒకసారి చూస్తాడు. రెండు మూడు డబ్బాలు బల్లమీదికి వస్తాయి. ఖాతా పుస్తకంలో ఒక పద్దు పెరుగుతుంది. రైతు ఇంటిదారి పడతాడు.

ఆ రైతు అడిగిన ప్రశ్న చిన్నదే. కాని సీజను ముగిసేసరికి అతడు మిగులుతాడా, మునుగుతాడా అన్నది చాలా వరకు ఇలాంటి చిన్న ప్రశ్నలకు దొరికే జవాబుల మీదనే ఆధారపడి ఉంది. జవాబు చెప్పేవాడే మందు అమ్మేవాడు కూడా కావడం ఇక్కడి చిక్కు.

ముడతలన్నీ ఒకటి కావు

మిరపలో "ముడత" అని రైతులు ఒకే మాటగా చెప్పేది నిజానికి మూడు వేర్వేరు తెగుళ్ళు. ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుంటే అది పై ముడత. దానికి కారణం తామర పురుగులు. ఆకు అంచులు కిందికి తిరిగి, బోర్లించిన పడవలా కనిపిస్తూ, కాడలు సాగిపోతే అది కింది ముడత. దానికి కారణం నల్లి. ఆకులు చిన్నవై, ఈనెలు పసుపు పచ్చగా మారి, మొక్క గిడసబారి గుబురుగా తయారైతే అది జెమిని వైరస్. దానిని మొక్క నుంచి మొక్కకు మోసేది తెల్లదోమ.

ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. తామర పురుగుకు కొట్టే మందులు చాలా వరకు నల్లి మీద పనిచేయవు. నల్లి తొలిదశలో ఉంటే లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున నీటిలో కరిగే గంధకం పొడి సరిపోతుంది. ఇది ఖరీదైన మందేమీ కాదు. ఇక వైరస్ సోకిన మొక్కను బతికించే మందు లోకంలో ఎక్కడా లేదు. తొలిదశలోనే ఆ మొక్కను పీకి తగలబెట్టడం, తెల్లదోమను అదుపు చేయడం మాత్రమే మార్గం. అలాంటి మొక్క మీద వెయ్యి రూపాయల మందు కొట్టినా, పదివేల రూపాయల మందు కొట్టినా ఫలితం ఒకటే.

ఆకు పైకి ముడిచిందా, కిందికి ముడిచిందా అని ఒక్క నిమిషం చూసి చెప్పేవారుంటే రైతుకు దుబారా తప్పుతుంది. అలా చెప్పేవారు లేనందున "మూడింటికీ పనిచేసేలా" మూడు డబ్బాలు ఒకే ట్యాంకులో కలిపి కొట్టే అలవాటు ఊరూరా పాతుకుపోయింది. ఇలా కలిపిన మందులు ఒకదాని పనిని మరొకటి చెడగొట్టవచ్చు. ఆకులు మాడవచ్చు. కొట్టే మనిషి ప్రాణానికీ ముప్పు తేవచ్చు. మహారాష్ట్రలోని యవత్మాళ్ జిల్లాలో 2017లో పత్తికి మందు కొడుతూ విషప్రభావానికి లోనై 20 మందికి పైగా రైతులు, కూలీలు మరణించిన సంగతి మరువరానిది.

దుకాణం వైపే ఎందుకు?

రైతు దుకాణానికి వెళ్ళడం అతడి తెలివితక్కువతనం అనుకుంటే పొరపాటు. దుకాణం ఉదయం తెరిచి రాత్రి దాకా ఉంటుంది. అక్కడివాడు రైతును పేరుపెట్టి పిలుస్తాడు. అన్నిటికన్నా ముఖ్యంగా అరువిస్తాడు. మిరప పెట్టుబడి పంట. నారు, నాటు, ఎరువులు, మందులు, కోత కూలి అన్నీ కలిసి, పత్తికో మొక్కజొన్నకో అయ్యే ఖర్చును మించి ఎన్నో రెట్లు అవుతాయి. బ్యాంకు అప్పు దొరకని రైతుకు, ముఖ్యంగా కౌలుదారుకు, మందుల దుకాణంలోని ఖాతాయే పంట రుణం.

ఖాతా ఉన్నచోట ఎదురు ప్రశ్న ఉండదు. "ఈ మూడో డబ్బా ఎందుకు?" అని అడగగల ధైర్యం పాత బాకీ ఉన్న రైతుకు ఎక్కడిది? పక్క దుకాణానికి పోయి ధర వాకబు చేసే వీలూ లేదు. పంట చేతికొచ్చి యార్డులో టిక్కీలు అమ్ముడుపోయాక బాకీ, దాని మీద వడ్డీ కలిసి తీరాలి.

దుకాణదారుల వైపు నుంచీ చూడవలసింది లేకపోలేదు. వారికీ కంపెనీలు పెట్టే అమ్మకపు లక్ష్యాలున్నాయి. అమ్ముడుపోని సరుకు వారి నెత్తిమీదే పడుతుంది. రైతుకు మంచి చెప్పే అనుభవజ్ఞులైన వ్యాపారులూ ప్రతి ఊరిలో ఒకరిద్దరు ఉంటారు. హైదరాబాదులోని జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ 2003 నుంచి డీలర్ల కోసం ఏడాది పాటు సాగే డిప్లొమా శిక్షణ నడుపుతోంది. శిక్షణ పొందినవారు మెరుగ్గా సలహా చెప్పగలరు. అయితే ఎంత చదివినా, "ఈ వారం నీ తోటకు ఏ మందూ అక్కరలేదు, ఇంటికి పో" అని చెప్పడం మందులు అమ్మి బతికేవాడికి కష్టమే.

చరిత్ర చెబుతున్న పాఠం

ఈ ప్రాంతానికి ఈ అనుభవం కొత్తది కాదు. 1980 దశకంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులను లెక్కలేకుండా కొట్టారు. మొదట పురుగు చచ్చింది. దానితోపాటు పురుగును తినే మిత్ర కీటకాలూ చచ్చాయి. ఆ తర్వాత తెల్లదోమ విజృంభించింది. కాయతొలుచు పురుగు మందుకు లొంగడం మానింది. 1987-88లో పంట పోయి, అప్పుల పాలై, పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. ఆనాడు కూడా మందు పేరు చెప్పింది ఎక్కువగా దుకాణాలే.

మిరపలో 2021 మరొక పాఠం. ఆ ఏడాది నవంబరు, డిసెంబరు నెలల్లో ఎడతెరిపి లేని వానల తరువాత నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాలతో పాటు తెలంగాణలోని ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్ ప్రాంతాల తోటల మీద పడింది. ఇది ఆగ్నేయాసియా దేశాల నుంచి వచ్చిన పురుగు. మన దేశంలో 2015లో బెంగళూరు ప్రాంతంలో బొప్పాయి మీద మొదట కనిపించింది. పాత తామర పురుగు ఆకు అడుగున చేరేది. ఈ కొత్తది ముఖ్యంగా పూలలో కాపురం పెట్టింది. పూత రాలిపోయింది. నిలిచిన కాయలు వంకర తిరిగాయి. ఆకులో పురుగు కోసం కొట్టిన మందు పువ్వులోని పురుగును అంటలేదు. రెండు రోజులకొకసారి, మూడు రోజులకొకసారి మందులు మార్చి మార్చి కొట్టినవారు కూడా చివరికి తోటలు పీకేసుకున్నారు.

ఆ రోజుల్లో ఉపయోగపడగలిగిన సంగతులు కొన్ని చాలా సాదాసీదావి. ఒక పువ్వును కోసి తెల్ల కాగితం మీద దులిపితే నల్లటి సన్న పురుగులు పాకుతూ కనిపిస్తాయి. అంటే గుర్తు పట్టడానికి ఖర్చేమీ లేదు. ఈ పురుగు నీలి రంగుకు ఆకర్షణ చెందుతుంది గనుక తోటలో నీలిరంగు జిగురు అట్టలు కట్టాలి. తెల్లదోమకైతే పసుపు అట్టలు. పురుగు తన దశల్లో ఒకదాన్ని నేలలో గడుపుతుంది గనుక నేలను గమనించడం కూడా అవసరం. యూరియా ఎక్కువ వేసిన తోట ముదురు పచ్చగా, మెత్తగా పెరిగి రసం పీల్చే పురుగులను రారమ్మని పిలుస్తుంది. పైరిథ్రాయిడ్ మందులు కొడితే మిత్ర కీటకాలు పోయి నల్లి, తామర పురుగు మరింత పెరుగుతాయి. తోట చుట్టూ రెండు మూడు వరుసలు జొన్న గాని మొక్కజొన్న గాని వేస్తే తోట నుంచి తోటకు ఎగిరే పురుగుకు కొంత అడ్డు. ఈ మాటలు గుంటూరు పక్కనే లాం ఫారంలోని శాస్త్రజ్ఞులకు తెలియనివి కావు. అవి సమయానికి ఊళ్ళకు చేరకపోవడమే విచారకరం.

మూత లెక్క

రైతులు అడిగే మరో ప్రశ్న: "ట్యాంకుకు ఎన్ని మూతలు?" మందు మోతాదును మూతలతో కొలవడం ఈ ప్రాంతంలో మామూలు. కాని ఒక డబ్బా మూత మరొక డబ్బా మూతంత ఉండదు. లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల చొప్పున కలపవలసిన మందు అనుకుందాం. 16 లీటర్ల చేతి ట్యాంకుకు 32 మిల్లీలీటర్లు కావాలి. ఎదిగిన తోటలో ఎకరాకు 200 లీటర్ల నీరు పట్టాలంటే పన్నెండున్నర ట్యాంకులు. మొత్తం మందు 400 మిల్లీలీటర్లు.

కూలి ఖర్చు తగ్గించుకొనేందుకు ఎకరం ఎనిమిది ట్యాంకులతో ముగిస్తే రెండు రకాల నష్టం. ట్యాంకుకు 32 చొప్పునే పోస్తే ఎకరానికి పడే మందు 256 మిల్లీలీటర్లే. మొక్క సరిగా తడవదు, పురుగు చావదు. 400 మిల్లీలీటర్లనూ ఎనిమిది ట్యాంకుల్లోనే సర్దితే ట్యాంకుకు 50 అవుతుంది. అంటే ఒకటిన్నర రెట్లకు పైగా చిక్కని మందు. చిగుళ్ళు మాడే ప్రమాదం ఉంది. పురుగు చావనప్పుడు రైతు అనేమాట "మందు నకిలీది" అని. కొన్నిసార్లు అది నిజం. చాలాసార్లు తప్పు మూతలో, నీటి కొలతలో ఉంటుంది. పది రూపాయల కొలగ్లాసు ఒకటి ఇంట్లో ఉంటే ఈ తగాదా సగం తీరుతుంది. పవర్ స్ప్రేయరుకు నీరు తక్కువ పడుతుంది గనుక దాని లెక్క వేరు. ఆ లెక్క కొనేటప్పుడే అడిగి రాయించుకోవాలి.

డబ్బా మీద చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. రంగు త్రికోణంలో ఎరుపు ఉంటే అత్యంత విషపూరితం. తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా విషం తగ్గుతూ వస్తుంది. ఏ పంటకు, ఏ పురుగుకు, ఎంత మోతాదు, మందు కొట్టాక ఎన్నాళ్ళకు కోయాలి అన్నవి లోపలి కరపత్రంలో ఉంటాయి. అక్షరాలు చీమతలకాయలంత ఉంటాయన్నది వేరే సంగతి. బ్యాచ్ నంబరుతో బిల్లు తీసుకోకపోతే రేపు పంట పోయినా నష్టపరిహారం అడిగే ఆధారం ఉండదు. అరువు సరుకుకు కూడా బిల్లు ఇవ్వవలసిందే. "బయో" పేరుతో వచ్చే సీసాల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. పంట ఎదుగుదలకంటూ అమ్మే బయో స్టిమ్యులెంట్లను కేంద్ర ప్రభుత్వం 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చింది. అందులో ఏముందో రాయని సీసాను కొనకపోవడం మంచిది.

ప్రభుత్వం జవాబు ఎక్కడ ఆగిపోతోంది?

రైతు గడపకు సలహా చేర్చాలన్న ఆలోచన పాతదే. 1952లో మొదలైన సమాజ వికాస పథకం గ్రామసేవకులను ఊళ్ళకు పంపింది. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు వ్యవసాయ, ఉద్యాన సహాయకులను నియమించారు. 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలు ప్రారంభమయ్యాయి. 2024లో ప్రభుత్వం మారాక అవే రైతు సేవా కేంద్రాలయ్యాయి. అదే ఏడాది "పొలం పిలుస్తోంది" కార్యక్రమమూ మళ్ళీ మొదలైంది. పేర్లు మారాయి, బోర్డులు మారాయి. ఆకు పట్టుకొచ్చిన రైతు ప్రశ్న మాత్రం మారలేదు.

గ్రామ స్థాయి సిబ్బందికి పని లేదని ఎవరూ అనరు. పని ఎక్కువై సలహా వెనకబడిందన్నదే అసలు సంగతి. ఈ-పంట నమోదు, ఎరువుల సరఫరా, పథకాల జాబితాలు, నష్టం లెక్కలు ఇవన్నీ వారి మీదే. పైగా మిరప ఉద్యాన శాఖ పరిధిలోని పంట. వ్యవసాయ సహాయకుడున్న ఊరిలో మిరప రైతు ప్రశ్న అడిగితే "అది ఉద్యాన శాఖ చూడాలి" అన్న జవాబు రావచ్చు. తోటలోని పురుగుకు శాఖల సరిహద్దు తెలియదు.

కౌలు రైతు పరిస్థితి మరీ అన్యాయం. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం 11 నెలల కాలానికి సాగు పత్రం ఇస్తారు. అందుకు యజమాని సమ్మతి కావాలి. సమ్మతించే యజమానులు తక్కువ. పత్రం లేనివాడికి బ్యాంకు అప్పు దొరకదు. తిరిగి తిరిగి అతడు చేరేది ఖాతా ఉన్న దుకాణానికే.

కిసాన్ కాల్ సెంటరు 2004 నుంచి పనిచేస్తోంది. 1800-180-1551 నంబరుకు ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల వరకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే అడగవచ్చు. ఇది మంచి సదుపాయమే. కాని ఫోనుకు ఆకు కనిపించదు. "ముడత" అని రైతు చెబితే అది ఏ ముడతో అవతలివారు అడిగి తెలుసుకోవాలి. ఇవతలివారికి చెప్పడం రావాలి. ఇక ఫోనులో చూసే వీడియోలలో ఏది అనుభవంతో చెప్పినదో, ఏది సరుకు అమ్మడానికి చెప్పినదో తేల్చుకోవడం కొత్తగా సాగులోకి వచ్చిన కుర్రవాళ్ళకు కష్టంగా ఉంది. 2020లో కరోనా లాక్‌డౌన్ నాడు పట్నాల్లో ఉద్యోగాలు పోయి ఊరు చేరి, నాన్నకు తోడుగా చేనులో దిగినవారు కొందరు ఇప్పటికీ ఈ పనిలోనే ఉన్నారు. చదువుంది, నేర్చుకోవాలనే ఆసక్తి ఉంది. నేర్పేవారు లేరు.

పెరటి మిరప చెప్పే మాట

కొందరు రైతులు ఇంటి కారానికి కావలసిన నాలుగు వరుసలను వేరుగా ఉంచి మందు తగలకుండా చూసుకుంటారు. పెరట్లో నాలుగు మొక్కలు వేసుకున్న ఆడవారు ముడత కనిపిస్తే దుకాణానికి పోరు. వేపగింజల కషాయం పోస్తారు, ఎక్కువ చెడిన కొమ్మను తుంచేస్తారు. అయిదు కిలోల వేపగింజల పప్పు పొడిని రాత్రంతా పది లీటర్ల నీటిలో నానబెట్టి, వడకట్టి, వంద లీటర్లకు పెంచి, కొద్దిగా సబ్బు పొడి కలిపి సాయంత్రం పూట కొడితే అది అయిదు శాతం కషాయం. తోటకూ తొలిదశలో పనికివచ్చేది ఇదే.

తాను తినే కారానికి ఇంత జాగ్రత్త పడే రైతు, అమ్మే కారానికి అంత పడలేకపోతున్నాడంటే అందుకు కారణం స్వార్థం కాదు, భయం. ఎకరం తోట పోతే కోలుకోలేడు. కాని ఆ భయం ఖరీదు చివరికి అతడి మీదే పడుతోంది. గుంటూరు మిర్చి చైనా, బంగ్లాదేశ్ తదితర దేశాలకు వెళుతుంది. కొనే దేశాలు మందుల అవశేషాలకు పరిమితులు పెట్టాయి. తడినేల మీద ఆరబోసిన కాయల్లో బూజు విషం చేరుతుంది. అదీ పరీక్షలో బయటపడుతుంది. కోతకు ముందు విరామ కాలం పాటించడం, కళ్ళంలో పట్టాల మీద గాని సిమెంటు గచ్చు మీద గాని ఆరబెట్టడం, తాలు కాయలు ఏరివేయడం, బరువు కోసం నీళ్ళు చల్లకపోవడం రైతు చేతిలో ఉన్న పనులు.

ధర మాత్రం రైతు చేతిలో లేదు. 2023లో క్వింటాలు 20 వేల రూపాయలు దాటి పలికిన మిర్చి ధర 2025 ఫిబ్రవరి నాటికి పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించవలసి వచ్చింది. ధర పడిన ఏడాది రైతును నిలబెట్టగలిగేది ఖర్చు తగ్గింపు ఒక్కటే. ఖర్చులో కోత కూలి తగ్గదు, కౌలు తగ్గదు. తగ్గగలిగిందల్లా అక్కరలేని మందు డబ్బాయే.

ఏం చేయాలి?

ఇందుకు కోట్ల రూపాయల పథకం అక్కరలేదు. మిరప పండే ప్రతి గ్రామంలో ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా వారానికి ఒక నిర్ణీత రోజు సాయంత్రం, రైతు పొలం నుంచి వచ్చే వేళకు, ఆకు చూసి చెప్పే మనిషి రైతు సేవా కేంద్రంలో కూర్చోవాలి. ఆ రోజు అతడికి మరే పనీ చెప్పరాదు. చూసిన ఆకు, చెప్పిన జవాబు ఒక చీటీ మీద రాసి ఇవ్వాలి. డాక్టరు చీటీ లేకుండా మందుల షాపుకు పోవద్దని మనిషికి చెబుతున్నప్పుడు, పైరుకు మాత్రం ఆ మాట వర్తించదా? చీటీ చేతిలో ఉంటే అరువు రైతు సైతం దుకాణంలో "ఇదొక్కటే ఇవ్వు" అనగలడు.

రెండవది, పొలంలోనే నేర్పే బడి. రైతులు వారానికొకసారి ఒకే చేను చుట్టూ చేరి పురుగును, మిత్ర పురుగును తామే లెక్కించి నిర్ణయం తీసుకునే పద్ధతి 1989లో ఇండొనేషియా వరి చేలలో మొదలైంది. మన రాష్ట్రంలో పొలంబడి, తోటబడి పేర్లతో నడిచింది. నల్ల తామర పురుగు ఆ వైపు దేశాల నుంచే వచ్చింది. దానిని ఎదుర్కొనే చదువు కూడా ఆ వైపు నుంచే వచ్చిందని గుర్తుంచుకోవాలి. ఈ బడులు ఫొటోల కోసం కాక పంటకాలమంతా సాగాలి. కౌలు రైతులను, ఆడ కూలీలను కూడా పిలవాలి. పురుగును మొదట చూసేది కలుపు తీసే చేతులే.

వచ్చే సీజనులోనూ దుకాణం బల్ల మీద మిరప కొమ్మలు పడతాయి. రైతు అదే ప్రశ్న అడుగుతాడు. ఆ కొమ్మలు దుకాణానికి చేరకముందే ఊళ్ళో ఒకరు వాటిని తిరగేసి చూసే ఏర్పాటు చేయవలసిన బాధ్యత వ్యవసాయ, ఉద్యాన శాఖల అధికారులదే. నారు పోసేలోగానే వారు ఈ విషయమై శ్రద్ధ వహించాలని రైతాంగం కోరుతోంది.